ఇంటిపేరు ఓడ ఎక్కలేదు: ఫ్రెంచి వలస రాజ్యాలకు వెళ్లిన మనవాళ్ల పేర్ల చరిత్ర

పోటీ పరీక్షల ఆన్‌లైన్ దరఖాస్తు నింపేటప్పుడు మనలో చాలామంది ఆగిపోయే గడి ఒకటుంది. అది పేరు గడి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో వెనక్కి వెళ్తుంది. నా విషయంలో డిగ్రీ పట్టాలో ఇంటిపేరు మధ్యలో ఖాళీ వచ్చి రెండు ముక్కలైంది. చివరికి "ఈ పేర్లన్నీ నావే" అని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ చేయించాల్సి వచ్చింది.

నాది చిన్న తలనొప్పే. కానీ 160 ఏళ్ల కిందట ఓడ ఎక్కిన ఒక కూలీకి ఇలాంటిదే జరిగినప్పుడు, అతని మనవళ్లు ఏ దేశ పౌరులన్నదే ప్రశ్న అయింది. ఈ రోజు వ్యాసం దాని గురించే. జీఎస్ పేపర్-1లో ఆధునిక చరిత్ర, పేపర్-2లో ప్రవాస భారతీయులు, పౌరసత్వం. ఈ మూడూ ఇక్కడ కలుస్తాయి. ప్రవాస కూలీలు అనగానే మనం మారిషస్, ఫిజీ, ట్రినిడాడ్, దక్షిణాఫ్రికా గురించి చదువుతాం. ఫ్రెంచి వలస రాజ్యాలకు వెళ్లినవారి గురించి చాలా నోట్సుల్లో ఒక్క లైను కూడా ఉండదు.

ముందు నేపథ్యం

1848 ఏప్రిల్ 27న ఫ్రాన్స్ తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో (పాత పేరు బూర్బోన్) అదే ఏడాది డిసెంబరు 20న ఈ నిర్ణయం అమల్లోకి వచ్చింది. అక్కడ 60,000 మందికి పైగా విముక్తులయ్యారు. చెరకు తోటలకు కూలీలు కావాలి. తోటల యజమానుల చూపు ఇండియా మీద పడింది.

నిజానికి ఈ దారి అంతకుముందే తెరుచుకుంది. 1820ల చివర్లోనే యానాం నుంచి తెలుగు కూలీలను బూర్బోన్ తీసుకెళ్లారు. అవును, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న మన యానామే. ఫ్రెంచి కాగితాల్లో దాని పేరు యనాన్, తెలుగువాళ్ల పేరు తెలింగా.

1848 తర్వాత ఈ వలస బాగా పెరిగింది. అయితే పాండిచ్చేరి, కారైకాల్, యానాం చిన్న చిన్న ప్రాంతాలు. వేల సంఖ్యలో కూలీలు కావాలంటే చుట్టూ ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల నుంచి రావాలి. అంటే వారు బ్రిటిష్ ప్రజలు. అందుకే రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. 1860లో రీయూనియన్ కోసం, 1861 జులై 1న మిగతా ఫ్రెంచి వలస రాజ్యాల కోసం. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. పౌరసత్వం గొడవకు బీజం ఇక్కడే ఉంది.

మొత్తంగా రీయూనియన్‌కు లక్షకు పైగా, కరీబియన్‌లోని గ్వాడెలూప్‌కు సుమారు 42,000, మార్టినిక్‌కు సుమారు 25,000, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాకు సుమారు 8,000 మంది వెళ్లారు. మార్టినిక్‌కు మొదటి ఓడ 1853లో, గ్వాడెలూప్‌కు 1854లో చేరింది. కూలీలను సరిగా చూడటం లేదన్న ఫిర్యాదుల మీద బ్రిటిష్ ప్రభుత్వం 1882లో రీయూనియన్‌కు వలస ఆపేసింది. 1880లు ముగిసేసరికి మిగతావీ ఆగిపోయాయి.

రిజిస్టరులో ఏ గడులున్నాయి?

కూలీ ఓడ ఎక్కే ముందు, దిగిన తర్వాత అతని వివరాలు రాసుకునేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, కులం, ఊరు, జిల్లా. వీటికి తోడు ఒక నంబరు. ఫ్రెంచిలో దాన్ని మాత్రిక్యుల్ అంటారు.

ఈ జాబితాలో ఏది లేదో గమనించారా? ఇంటిపేరు లేదు.

తమిళులకు ఇది పెద్ద సమస్య కాదు. వారికి తండ్రి పేరు, సొంత పేరు ఉంటే చాలు. మనకు మాత్రం ఇంటిపేరుంది. పేరుకు ముందు వస్తుంది, చాలాసార్లు పూర్వీకుల ఊరి పేరే అయి ఉంటుంది, పెళ్లి సంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది అదే. కానీ ఊళ్లో కూలిపని చేసుకునేవాడిని ఇంటిపేరుతో పిలిచేదెవరు? అప్పడు, రాముడు, గవరయ్య. పిలుపు అంతే. డిపోలో "నీ పేరేంటి?" అని అడిగితే ఆ పిలుపే చెప్పాడు. గుమాస్తా అదే రాసుకున్నాడు. ఇంటిపేరు ఒడ్డునే ఉండిపోయింది.

పిలుపు ఇంటిపేరైన తీరు

ఫ్రెంచి చట్టం పేర్ల విషయంలో చాలా పట్టుదలగా ఉండేది. విప్లవ కాలంలో, 1794 ఆగస్టు 23 నాటి చట్టం ప్రకారం జనన పత్రంలో ఉన్న పేరు తప్ప మరో పేరు ఎవరూ వాడకూడదు. 1803 నాటి చట్టం ప్రకారం పిల్లలకు క్యాలెండర్లలో ఉన్న పేర్లు, ప్రాచీన చరిత్రలోని ప్రముఖుల పేర్లు మాత్రమే పెట్టాలి. క్యాలెండర్ అంటే ఇక్కడ క్రైస్తవ పునీతుల పేర్లున్న క్యాలెండర్. ఈ నియమం 1993 దాకా ఉంది.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అప్పన్న, రామయ్య అన్నదమ్ములు. ఇద్దరూ 1865లో రీయూనియన్ చేరారు. అప్పన్నకు కొడుకు పుట్టాడు. జనన నమోదు గుమాస్తాకు రెండు గడులు నిండాలి, వంశనామం, సొంత పేరు. తండ్రికి ఉన్నది ఒకే పేరు కాబట్టి వంశనామం గడిలో అప్పన్న పడింది. సొంత పేరు క్యాలెండర్ నుంచి, జోసెఫ్. ఆ రోజు నుంచి ఆ వంశం అప్పన్న వంశం. అదే పద్ధతిలో తమ్ముడి పిల్లలు రామయ్య వంశం అయ్యారు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములు ఒక్క తరంలో కాగితం మీద సంబంధం లేని రెండు కుటుంబాలయ్యారు.

రీయూనియన్‌లో మన సంతతివారిని మలబార్‌లు అంటారు. తమిళులైనా తెలుగువారైనా అదే మాట. వారిలో చాలామందికి నేటికీ రెండు పేర్లు. కాగితాల మీద ఫ్రెంచి పేరు, ఇంట్లో, గుడిలో భారతీయ పేరు.

పోలిక కోసం ఫ్రాన్స్ నుంచే వలస వెళ్లినవారిని చూడండి. 17వ శతాబ్దంలో కెనడాకు వెళ్లిన ఫ్రెంచి వలసదారులకు వంశనామంతో పాటు చాలాసార్లు ఒక మారుపేరు కూడా ఉండేది. సైన్యంలో వచ్చిన ముద్దుపేరు కావచ్చు, సొంత ఊరు కావచ్చు. "ఫలానా, అలియాస్ ఫలానా" అన్నట్టు చర్చి రిజిస్టర్లో రెండూ రాసేవారు. పిల్లల్లో కొందరు ఒకటి, కొందరు రెండోది నిలుపుకున్నారు. వాటిని రాసిన చర్చి గురువుదీ, రాయించుకున్నవారిదీ ఒకే భాష. పెళ్లయిన ఆడవాళ్లను కూడా పుట్టింటి పేరుతోనే రాశారు. అందువల్ల అక్కడివారు పది పన్నెండు తరాల వెనక్కి వెళ్లగలుగుతున్నారు. అదే ఫ్రెంచి కాగితం వాళ్ల పేర్లను పెంచింది, మనవాళ్ల పేర్లను తగ్గించింది.

విన్నదొకటి, రాసిందొకటి

పాత రిజిస్టర్లలో మన పేర్లు గుర్తుపట్టాలంటే ఫ్రెంచి లిపి అలవాట్లు నాలుగు తెలియాలి.

ఒకటి, మన "ఉ" శబ్దానికి ఫ్రెంచిలో ఓ, యు అనే రెండు అక్షరాలు కలిపి రాస్తారు. ఇంగ్లిషు అలవాటుతో చదివితే ముత్తు కాస్తా మౌటౌ లాగా కనిపిస్తుంది.

రెండు, ఫ్రెంచిలో రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్ ఉంటే "జ" లాగా పలుకుతారు. రామసామి రామజామి కాకుండా ఉండాలంటే రెండు ఎస్‌లు వేయాలి. రీయూనియన్, గ్వాడెలూప్ పేర్లలో రామస్సామి, మూతూస్సామి అని జంట ఎస్‌లు కనిపించడానికి కారణం ఇదే.

మూడు, ఫ్రెంచివారు "హ" పలకరు. ఒత్తక్షరాలూ వారికి వినబడవు. ట, త తేడా కూడా లిపిలో ఉండదు.

నాలుగు, చివరి "అం" ముక్కుతో పలికే శబ్దంగా మారుతుంది. చిదంబరం అనే పేరు గ్వాడెలూప్‌లో సిదాంబరోం అయింది.

ఒకే మనిషి పేరు ఓడ జాబితాలో ఒకలా, తోట పుస్తకంలో ఒకలా, మరణ నమోదులో ఇంకోలా ఉండటం మామూలే.

ఫ్రెంచి ప్రభావం బ్రిటిష్ పాలనలోని మారిషస్ దాకా ఉంది. 1810 దాకా అది ఫ్రాన్స్ చేతిలోనే ఉండేది. అక్కడి తెలుగువారిని కోరంగి ఓడరేవు పేరు మీద కోరింగీలు అనేవారు. అప్పడు అనే ఉత్తరాంధ్ర పిలుపు అక్కడ అప్పాడూ అనే వంశనామంగా ఇవాళ్టికీ నడుస్తోంది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న ఎవరో ఒక తాత దాని వెనక ఉన్నాడన్నమాట.

అమ్మమ్మ పేరే ఇంటిపేరు

మీనాచ్చీ, లచ్చిమీ అనేవి రీయూనియన్ వంశనామాల్లో కనిపిస్తాయి. మీనాక్షి, లక్ష్మి ఆడవాళ్ల పేర్లు కదా, వంశనామాలు ఎలా అయ్యాయి?

కూలీల పెళ్లిళ్లు తమ ఆచారం ప్రకారం జరిగేవి. మున్సిపాలిటీలో నమోదు కాని పెళ్లి ఫ్రెంచి చట్టానికి పెళ్లి కాదు. తండ్రి కాగితం మీద ఒప్పుకోకపోతే బిడ్డకు తల్లి పేరే వంశనామం. తల్లికీ ఉన్నది ఒకే పేరు. దాంతో ఆమె పేరే తరతరాల ఇంటిపేరైంది. కాగితం ఆ పిల్లలను అక్రమ సంతానం అంది. కానీ అదే కాగితం ఒక కూలి ఆడమనిషి పేరును 150 ఏళ్లు కాపాడింది. మన ఊళ్లలో ముత్తవ్వ పేరు చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు? నా మటుకు నేను చెప్పలేను.

పాండిచ్చేరిలో కథ వేరు

ఇంతవరకూ చూసింది పేరు పోగొట్టుకున్నవారిని. పాండిచ్చేరిలో కావాలని పేరు మార్చుకున్నవారున్నారు.

1819లో ఫ్రెంచి ప్రభుత్వం ఇక్కడ సివిల్ కోడ్ అమల్లోకి తెస్తూనే, భారతీయులకు వారి కులాచారాలే వర్తిస్తాయని చెప్పింది. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ మరో దారి తెరిచింది. ఎవరైనా తమ ఆచార చట్టాన్ని శాశ్వతంగా వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. ఇలా వచ్చినవారిని రెనోన్సాంలు అన్నారు, అంటే వదులుకున్నవారు. షరతు ఒకటే, తనకూ తన వారసులకూ ఒక వంశనామం ఎంచుకుని నమోదు చేయాలి.

ఈ ఉద్యమానికి ముందు నిలిచింది పొన్నుతంబి పిళ్లై అనే న్యాయవాది. 1873లో యూరోపియన్ బూట్లు వేసుకుని కోర్టుకు వచ్చినందుకు ఆయన్ను అడ్డుకున్నారు. ప్యారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచారు. ఆయన ఎంచుకున్న వంశనామం లాపోర్త్. ఫ్రెంచిలో ఆ మాటకు ద్వారం అని అర్థం. దళితులు, క్రైస్తవులు ఎక్కువగా ఈ దారిలోకి వచ్చారు. కులం చెప్పే పేరును వదిలించుకోవడానికి అది ఒక అవకాశం. రెనోన్సాంలలో చాలామంది ఉద్యోగాల మీద ఫ్రెంచి ఇండోచైనాకు, ముఖ్యంగా సైగాన్‌కు వెళ్లారు.

పూర్వీకులను వెతికేది ఎలా?

నేను ఇంజినీరింగ్ చదివాను కాబట్టి నాకు అర్థమైన భాషలో చెప్తాను. డేటాబేస్‌లో ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే గడిని ప్రైమరీ కీ అంటాం. పేరును ప్రైమరీ కీగా పెట్టకూడదన్నది మొదటి పాఠం. పేర్లు మారతాయి, ఒకే పేరు పదిమందికి ఉంటుంది. రీయూనియన్ కుటుంబం తన మూలాలు వెతికేటప్పుడు చేసే మొదటి పొరపాటు వంశనామం పట్టుకుని ఇండియాలో వెతకడం. అప్పన్న అనే ఇంటిపేరు కోసం గోదావరి జిల్లాల్లో వెతికితే ఏం దొరుకుతుంది? అది ఇంటిపేరే కాదు కదా.

సరైన క్రమం ఇది. ద్వీపంలోని జనన, వివాహ, మరణ నమోదుల్లో ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. ఇండియాలో పుట్టిన మొదటి మనిషి దొరికాక అతని మాత్రిక్యుల్ నంబరు పట్టుకోవాలి. ఆ నంబరుతో ఓడ, తేదీ, తండ్రి పేరు, ఊరు వస్తాయి. ఊరి పేరు పైకి చదివి చూడాలి, ఎందుకంటే అదీ చెవితో విని రాసిందే.

రెండు జాగ్రత్తలు. ఓడ కారైకాల్‌లో బయల్దేరితే మనిషిది కారైకాల్ అని కాదు. ఓడరేవు వేరు, స్వస్థలం వేరు. స్వస్థలం బ్రిటిష్ జిల్లా అయితే ఫ్రెంచి జనన రిజిస్టర్లలో అతను ఉండడు. అలాగే రెనోన్సాం కుటుంబాల్లో 1881 తర్వాత పేరు హఠాత్తుగా మారితే, వదులుకున్నట్టు చేసిన ప్రకటన పత్రం వెతకాలి. పాత పేరుకూ కొత్త పేరుకూ వంతెన అదే.

వలస రాజ్యాల రికార్డులు ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరంలో జాతీయ ఓవర్సీస్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్‌కైతే మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లున్నాయి. 1860ల నుంచి కూలీల ఫొటోలు కూడా వాటిలో ఉన్నాయి.

పేరు నుంచి పౌరసత్వం దాకా

ఇది ఉబుసుపోక వెతుకులాట కాదు. మూడు సందర్భాలు చూడండి.

మొదటిది, గ్వాడెలూప్. 1861 ఒప్పందం ప్రకారం కూలీలు బ్రిటిష్ ప్రజలు. మరి అక్కడే పుట్టిన పిల్లలు? 1863లో గ్వాడెలూప్‌లో పుట్టిన ఆన్రీ సిదాంబరోం 1904లో భారతీయ సంతతివారి పేర్లను ఓటర్ల జాబితాలో చేర్పించారు. గవర్నరు అడ్డుపడ్డారు. కేసు 1923 దాకా, అంటే 19 ఏళ్లు నడిచింది. చివరికి వారికి ఫ్రెంచి పౌరులుగా ఓటు హక్కు దక్కింది. ఒక జాబితాలో పేరు ఉండాలా వద్దా అన్నదే ఆ పోరాటమంతా.

రెండవది, పాండిచ్చేరి. 1954 నవంబరు 1న ఫ్రెంచి ప్రాంతాల పాలన ఇండియా చేతికి వచ్చింది. యానాం అంతకుముందే, జూన్‌లో, విముక్తమైంది. 1956 మే 28 నాటి ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఇక్కడ పుట్టి ఇక్కడే నివసిస్తున్నవారు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. సుమారు 5,000 మంది అలా చెప్పారు. పాండిచ్చేరిలో పుట్టి సైగాన్‌ లాంటి విదేశీ ప్రాంతాల్లో ఉన్నవారు మాత్రం అడక్కుండానే ఫ్రెంచివారుగా మిగిలారు. ఒకే ఇంట్లో అన్న భారతీయుడు, తమ్ముడు ఫ్రెంచివాడు కావడానికి ఆ ఒక్క కాగితం చాలు.

మూడవది, ఇప్పటి విషయం. పౌరసత్వ చట్టం 1955లోని సెక్షన్ 7ఏ కింద ఓసీఐ కార్డు ఎవరికి ఇవ్వొచ్చో చదవండి. 1947 ఆగస్టు 15 తర్వాత ఇండియాలో కలిసిన ప్రాంతానికి చెందిన విదేశీ పౌరులు అందులో ఉన్నారు. పాండిచ్చేరి, యానాం కుటుంబాలు దీని కిందికే వస్తాయి. మామూలుగా ఈ అర్హత ముని మనవడి దగ్గర ఆగిపోతుంది. 1860ల్లో వెళ్లినవారి వారసులు ఆ గీత ఎప్పుడో దాటేశారు. అందుకే ప్రభుత్వం 2023లో సూరినామ్‌కు ఆరో తరం దాకా, 2024లో మారిషస్‌కు ఏడో తరం దాకా పొడిగించింది. పొడిగించినా, నేను ఫలానావారి ఆరో తరం అని చూపించాలి. చూపించాలంటే ప్రతి తరంలోనూ పేరు పేరుతో కలవాలి. గుమాస్తా ఒక ఎస్ తగ్గించి రాస్తే గొలుసు తెగిపోతుంది.

సమాధానంలో వాడుకోవాల్సిన మాట

మెయిన్స్‌లో ప్రవాస భారతీయుల గురించి ప్రశ్న వస్తే సంఖ్యలు, దేశాల పేర్లతో ఆగిపోకండి. వలస పాలన మనుషుల శ్రమను తీసుకుంది, దానితో పాటు వారి గుర్తింపును తన ఫారంలో పట్టేలా కత్తిరించింది. తర్వాత హక్కులు అడిగినప్పుడు అదే ఫారంను రుజువుగా తెమ్మంది. ఈ ఒక్క వాదన చుట్టూ సిదాంబరోం కేసు, 1881 డిక్రీ, 1956 ఒప్పందం, సెక్షన్ 7ఏ పెడితే సమాధానం నిలబడుతుంది.

ఇంకో మాట. మనలో కొందరం రేపు ఏదో ఒక జిల్లాలో సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటాం. పేరు సరిచేయమని, ఒక అక్షరం తేడా వల్ల పింఛను ఆగిందని ఎవరో ఒకరు అర్జీ పట్టుకుని ఎదురుగా నిలబడతారు. ఆ రోజు ఇది గుర్తుండాలి. ఫారంలో గడి లేకపోతే మనిషికి ఇంటిపేరు లేదని కాదు, ఎవరూ అడగలేదని.

సాధన ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): "ఫ్రెంచి వలస రాజ్యాలకు జరిగిన భారతీయ కూలీల వలసలో, నమోదు పద్ధతులు వారి వారసుల పౌరసత్వ హక్కులను ఎలా ప్రభావితం చేశాయి? ఉదాహరణలతో చర్చించండి." రాసి చూడండి. ముందు మీ ముత్తాత పూర్తి పేరు ఇంట్లో అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆ తర్వాత మొదలుపెట్టండి.